నీరటి లేని కట్ట

అచ్చతెలుగులో తొలి కావ్యమని పేరున్న ‘యయాతి చరిత్ర’ను పొన్నికంటి తెలగన్న గోలకొండ కొలువులోని అమీన్‌ఖాన్‌కు అంకితమిచ్చాడు. అమీన్‌ఖాన్ ఉన్న ఊరు పొట్లచెరువు, అంటే ఇప్పటి పటాన్‌చెరు. ఆయన పేరు మీద వెలిసిందే పక్కనున్న అమీన్‌పూర్. అక్కడి పెద్దచెరువు ఇబ్రహీం కుతుబ్‌షా కాలం (1550–1580) నాటిదని చెబుతారు. ఆ పాదుషాను తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్నారు. హుస్సేన్‌సాగర్ కట్టింది కూడా ఆయన హయాంలోనే. ఇంకా వెనక్కి వెళితే, పదకొండో శతాబ్దంలో కల్యాణి చాళుక్య రాజు రెండో జయసింహుడు ఈ పొట్లచెరువు నుంచే కొంతకాలం రాజ్యమేలాడు.

కవికీ రాజుకీ అంకితం పుచ్చుకున్నవాడికీ చరిత్రలో చోటు దొరికింది. వానాకాలం రాత్రుళ్లు చేతిలో పారతో చెరువు కట్ట మీద తిరిగిన నీరటికి దొరకలేదు. పటాన్‌చెరు, సంగారెడ్డి చుట్టుపక్కల మట్టికట్టలు ఇవాళ ఏ స్థితిలో ఉన్నాయో తెలియాలంటే మొదలుపెట్టాల్సింది అతని దగ్గరే.

మంజీర సంగారెడ్డి జిల్లా గుండా పారుతున్నా, ఎత్తిపోసే మరలు లేని రోజుల్లో ఆ నీరు మెట్ట మీది పొలాలకు ఎక్కేది కాదు. ఏడాది వానలో ఎక్కువ భాగం నాలుగు నెలల్లోనే కురుస్తుంది. కింద రాతి నేల, పైన పలచని మట్టి. అందుకే రైతులు వాగు సన్నబడిన చోట అడ్డంగా మట్టి పోసి కట్టలు లేపారు. పై చెరువు మత్తడి దుంకితే కింది చెరువు నిండుతుంది, అది నిండితే దాని కిందిది. బొల్లారం, ఖాజీపల్లి, పటాన్‌చెరు వైపు కుంటలు, చెరువులు ఇలా గొలుసుకట్టుగా నక్కవాగులోకి, అక్కణ్ణుంచి మంజీరలోకి నీళ్లు వదిలేవి. గొలుసుకట్టులో ఒక చిక్కుంది. పైనున్న కట్ట తెగితే ఆ నీళ్లన్నీ ఒక్కసారిగా కింది కట్ట మీద పడతాయి.

చూడటానికి మట్టికుప్పలా ఉన్నా, కట్టలో ప్రతి భాగానికీ ఒక పని ఉంది. లోపలి వైపు అలల కోత తగలకుండా రాయి పరుస్తారు. దాన్నే ఇప్పుడు రివిట్‌మెంట్ అంటున్నారు. నీళ్లు పొలాలకు వదలడానికి కట్ట అడుగున తూము. నిండిన తర్వాత మిగులు నీరు పోవడానికి ఒక కొసన మత్తడి, దాన్నే అలుగు అనీ అంటారు. మట్టికట్ట మీదుగా నీళ్లు పొర్లకూడదు. పొర్లితే వెనకవైపు వాలు కోసుకుపోయి గంటల్లో గండి పడుతుంది. కాబట్టి మత్తడి ఎంత వెడల్పు, దాని మట్టం కట్ట కన్నా ఎంత కింద అన్నదే చెరువు ఆయుష్షును తేల్చే లెక్క.

రెండో ప్రమాదం లోపలి నుంచి వస్తుంది. ఏ మట్టికట్ట అయినా కొద్దో గొప్పో ఊరుతుంది. ఊట తేటగా ఉంటే పెద్దగా కంగారు లేదు. అది మట్టిరంగు తిరిగిందంటే కట్ట లోపలి మట్టిని మోసుకొస్తోందని అర్థం. ఎలుక బొక్క, ఎండ్రకాయ బొరియ, చచ్చిన తుమ్మచెట్టు వేరు కుళ్లి మిగిల్చిన సందు, తూము రాళ్ల మధ్య కీలు, వీటిలో ఏదైనా చాలు ఆ నీటికి దారి చూపడానికి. సందు పెరిగి బుంగ అవుతుంది, బుంగ గండి అవుతుంది.

కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు కట్ట మీద 1369 నాటి సంస్కృత శాసనం ఉంది. మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు తవ్వించిన ఆ చెరువుకు రోజుకు వెయ్యిమంది కూలీలు, రాయి తోలడానికి నూరు బండ్లు చొప్పున రెండేళ్లు పనిచేశారని అందులో రాశారు. చెరువు మంచిగా కుదరడానికి కావలసిన పన్నెండు అంగాలనూ, దాన్ని చెడగొట్టే ఆరు దోషాలనూ కూడా ఏకరువు పెట్టారు. దోషాల పట్టికలో మొదటిది కట్ట ఊరడం. రెండోది ఉప్పునేల. మూడోది చెరువు రెండు రాజ్యాల సరిహద్దులో పడటం. చెరువు నడుమ నేల తాబేటి వీపులా ఉబ్బి ఉండటం, నీళ్లు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, నీళ్లు ఎక్కువై ఆయకట్టు తక్కువ కావడం మిగిలిన మూడు. రాతి మీద చెక్కిన సాంకేతిక గ్రంథం ఇది. ఆరు వందల యాభై ఏళ్ల తర్వాత, నాలుగు వందల కిలోమీటర్ల దూరాన ఉన్న పారిశ్రామికవాడకు అచ్చంగా సరిపోతుందని చెక్కినవాళ్లు ఊహించి ఉండరు.

మొదటి దోషాన్ని కనిపెట్టడమే నీరటి పని.

తెలంగాణ ఊళ్లలో నీరటి గ్రామసేవకుడు. చాలాచోట్ల దళిత, వెనకబడిన కులాల కుటుంబాలకు అది తరాలుగా వచ్చిన బాధ్యత. తూము తీయడం, మూయడం, ఏ మడికి ఎంతసేపు నీళ్లు పారాలో చూడటం, కాల్వలు చెక్కించడం అతని రోజువారీ పని. వాన పట్టిందంటే రాత్రంతా కట్ట మీదే. ఎక్కడ చెమ్మ తగిలిందో, ఎక్కడ రాయి జారిందో, ఏ బొరియ కొత్తదో పాదాలకే తెలిసేది. బుంగ కనబడితే ఊరిని లేపేవాడు. గడ్డిమోపులు, కొమ్మలు, మట్టి బస్తాలతో జనం పరుగెత్తుకొచ్చేవారు. రావడానికి కారణం చెరువు మీద భక్తి ఒక్కటే కాదు. కట్ట తెగితే ఆ ఏడు తిండిగింజలు లేవు. కట్ట మైసమ్మకు కోడిని కోసేదీ ఆ చేతులే, గండికి మట్టి మోసేదీ ఆ చేతులే. నీరటికి కొద్దిపాటి మాన్యం, కల్లం దగ్గర ధాన్యంలో మేర ఉండేవి. పంట బాగుంటే అతని వాటా బాగుండేది. కట్ట క్షేమం అతని గాదెతో ముడిపడి ఉందన్నమాట.

పాతకాలాన్ని మరీ తీపిగా చెప్పుకోనక్కర్లేదు. ఆ మేర కోసం కాపుల గుమ్మాల ముందు నిలబడాల్సి వచ్చేది, అందులో కులం పెట్టే అవమానమూ ఉండేది. కట్టలూ తెగేవి. 1908 సెప్టెంబరు 28న మూసీ హైదరాబాద్‌ను ముంచెత్తినప్పుడు వేల మంది చనిపోయారు. మరుసటి ఏడు వచ్చి పరిశీలించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య నగరానికి ఎగువన మూసీ పరీవాహకంలో 788 చెరువులు ఉన్నాయని, అంటే సుమారు చదరపు మైలుకొకటని, వాటిలో 221 ఆ వానకు తెగాయని లెక్క తేల్చాడు. ఒకటి తెగి మరొకదాన్ని తెంచే గొలుసుకట్టు చిక్కు అక్కడ కళ్లకు కట్టింది. ఆయన సూచనల ఫలితమే 1920లో పూర్తయిన ఉస్మాన్‌సాగర్, 1927లో పూర్తయిన హిమాయత్‌సాగర్. ఆ తర్వాత నగరం దృష్టి పెద్ద జలాశయాల మీదికి మళ్లింది. 1965 నాటికి మంజీర నీళ్లు కూడా సంగారెడ్డి దగ్గర్నుంచి హైదరాబాద్ గొట్టాల్లోకి ఎక్కాయి.

ఊళ్లో కరెంటు మోటారు వచ్చాక నీరటి అవసరం సన్నగిల్లింది. బావి ఉన్న రైతు తూము కోసం ఎదురుచూడడు. ఎన్టీ రామారావు ప్రభుత్వం 1980ల నడుమ పటేల్, పట్వారీ వ్యవస్థను రద్దు చేసింది. పెత్తందారీతనానికి అది తగిన శాస్తే కానీ, దానితోపాటు చెరువు పనులకు ఊరిని కదిలించే పాత యంత్రాంగమూ కూలింది. దాని స్థానంలో వెంటనే మరొకటి రాలేదు. నీటి వినియోగదారుల సంఘాల కోసం 1997లో చట్టం తెచ్చారు, ఎన్నికలూ జరిపారు. నీరటులు కాలక్రమంలో గ్రామ రెవెన్యూ సహాయకుల (వీఆర్ఏల) జాబితాలో కలిశారు. చివరకు 2023లో తెలంగాణ ప్రభుత్వం వీఆర్ఏలను రకరకాల శాఖల్లో సర్దేసింది.

ఇక్కడొక విడ్డూరం చెప్పుకోవాలి. పటాన్‌చెరులోనే 1972లో అంతర్జాతీయ వ్యవసాయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వెలిసింది. దాని ఆర్థికవేత్తలు మాథియాస్ ఫాన్ ఒప్పెన్, కె.వి. సుబ్బారావు 1980 ప్రాంతంలో దక్షిణాది చెరువు సేద్యం ఎందుకు కుంగిపోతోందో కూలంకషంగా చదివారు. చెరువులను చూసుకోవడానికి ప్రత్యేకమైన అథారిటీ ఉండాలన్నారు. వాన పడిన రోజున తూము మూసేయడానికి ఒక మనిషిని పెట్టుకుంటే ఆ జీతానికి మించిన నీరు మిగులుతుందని లెక్కగట్టి చూపారు. నీరటికి జీతం దండగ కాదని ప్రపంచస్థాయి సంస్థ ఒకటి పటాన్‌చెరు నుంచి చెబుతున్న రోజుల్లోనే, ఆ సంస్థ ప్రహరీ అవతల నీరటి కాయాల్సిన చెరువులకు మరో గతి పట్టింది.

పటాన్‌చెరు అప్పట్లో మెదక్ జిల్లాలో ఉండేది, అది వెనకబడిన జిల్లా. రాయితీలిచ్చి, 1970ల్లో పటాన్‌చెరులో పారిశ్రామికవాడ తెరిచారు. 1980లో ఇందిరాగాంధీ మెదక్ నుంచి లోక్‌సభకు గెలవడంతో ఈ ప్రాంతం దేశం కళ్లలో పడింది. బొల్లారం, పాశమైలారం, ఖాజీపల్లి, గడ్డపోతారం వరసగా నిండాయి. మందులు, రసాయనాలు, రంగులు, ఉక్కు. ఉద్యోగాలు వచ్చాయి, నిజం. వాటి వెంట వచ్చిన మురుగుకు మాత్రం దారి వేయలేదు. పల్లం ఎటుంటే అటు, అంటే వాగుల్లోకి, కుంటల్లోకి పారించారు. బొల్లారం అసనికుంట, ఖాజీపల్లి చెరువు, గండిగూడెం చెరువు, వాటి కింద నక్కవాగు రంగు మారాయి. పోరుమామిళ్ల వాళ్లు చెప్పిన రెండో దోషం ఇక్కడ నేల నుంచి పుట్టలేదు, గొట్టాల్లోంచి వచ్చింది.

డాక్టర్ అల్లాణి కిషన్‌రావు వంటివాళ్లు రైతులను కూడగట్టి రోడ్డెక్కారు. 1990లో వ్యాజ్యం సుప్రీంకోర్టుకు చేరింది. అక్కణ్ణుంచి హైకోర్టుకు, ఆ తర్వాత జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు తిరిగి 2017లో గానీ ఒక కొలిక్కి రాలేదు. పంట పోయిన రైతులకు ఎకరాల లెక్కన పరిహారం ఇచ్చారు. ఈలోగా 1994లో ఉమ్మడి శుద్ధి కేంద్రం వచ్చింది. 2007లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన యోకిం లార్సన్ బృందం ఆ కేంద్రం వదిలిన నీటిని పరీక్షిస్తే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ తేలింది. మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదు కన్నా ఎక్కువ. పటాన్‌చెరు పేరు అప్పటి నుంచి మందులకు లొంగని సూక్ష్మజీవుల చర్చల్లో ప్రపంచమంతా వినబడుతోంది.

కట్టతో దీనికేం సంబంధం అనిపించవచ్చు. సంబంధం రెండు రకాలు. సోడియం లవణాలు ఎక్కువైన నీరు బంకమట్టి రేణువుల పట్టు వదిలిస్తుంది. అలాంటి మట్టి తేలిగ్గా కరిగి ఊటతో కొట్టుకుపోతుంది. మట్టికట్టల ఇంజనీర్లు ఏ మట్టి వాడాలో తేల్చేటప్పుడు దీన్ని పరీక్షించే చూస్తారు. రెండోది ఇంకా ముఖ్యం. నీళ్లు పాడైన చెరువు కింద వరి వేసేవాడు ఉండడు. వరి లేకపోతే తూముతో పనిలేదు. తూముతో పనిలేని చోట కట్ట మీద నడిచేవాడూ ఉండడు. ఖాజీపల్లి రైతుకు రసాయనాల మురుగు నిండిన చెరువు తెగితే పోయే పంట అప్పటికే పోయింది. అర్ధరాత్రి గడ్డిమోపు ఎత్తుకుని అతను ఎందుకు పరుగెత్తాలి?

ఆ ఖాళీలోకి రియల్ ఎస్టేటు వచ్చింది. ఆయకట్టు పొలాలు ప్లాట్లయ్యాయి. బాహ్యవలయ రహదారి పడ్డాక అమీన్‌పూర్, పటాన్‌చెరు, కిష్టారెడ్డిపేట, కొల్లూరు నగరంలో కలిసిపోయాయి. ఒకప్పుడు కట్ట తెగితే కింద మునిగేవి వరిమళ్లు. ఇప్పుడు అపార్టుమెంటు సెల్లార్లు, పాఠశాలలు, ఫ్యాక్టరీ షెడ్లు. కట్ట అదే, ఎత్తు అదే. దాని కింద ఉన్నది మారింది.

పైనున్నదీ మారింది. సాగునేల మీద పడిన వానలో పదింట మూడు వంతుల దాకా, సిమెంటు, తారు పరిచిన చోట ఏడు నుంచి తొమ్మిది వంతులు పారుతుందని ఇంజనీర్లు లెక్క వేసుకుంటారు. పది చదరపు కిలోమీటర్ల పరీవాహకం మీద పది సెంటీమీటర్ల వాన పడితే మొత్తం 10 లక్షల ఘనపు మీటర్ల నీరు. పొలాల రోజుల్లో అందులో 3 లక్షలు చెరువుకు చేరితే, కాలనీల రోజుల్లో 8 లక్షలు చేరతాయి, అదీ చాలా తొందరగా. మత్తడి మాత్రం తాతలు కట్టిన వెడల్పే. దాని కింది కాల్వ మీద ప్రహరీలు లేచాయి. నీళ్లు ఎక్కువ, తడిపే భూమి తక్కువ అన్న ఆరో దోషానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

2020 అక్టోబరులో ఈ లెక్క హైదరాబాద్ దక్షిణాన తేలింది. 13వ తేదీ రాత్రి కురిసిన కుండపోతకు గగన్‌పహాడ్ దగ్గర అప్పచెరువు తెగి బెంగళూరు జాతీయ రహదారిని కోసేసింది, మనుషులు కొట్టుకుపోయారు. నాలుగు రోజులకు బాలాపూర్ గుర్రంచెరువుకు గండిపడి కింది బస్తీలు మునిగాయి. రెండూ ఊరి చెరువులే. ఏ డ్యాముల జాబితాలోనూ వాటి పేర్లు ప్రముఖంగా కనబడవు.

జాబితా అంటే గుర్తొచ్చేది 2021 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన డ్యామ్ సేఫ్టీ చట్టం. 15 మీటర్లకు మించిన ఆనకట్టలు, 10 నుంచి 15 మీటర్ల మధ్య ఉండి పొడవు, నిల్వ వంటి కొన్ని షరతులకు సరిపోయేవి దాని కిందికి వస్తాయి. వాటికి వానాకాలం ముందూ తర్వాతా తనిఖీలు, అత్యవసర ప్రణాళిక తప్పనిసరి. మంజీర మీది సింగూరు డ్యాముకు అది వర్తిస్తుంది. ఊరి చెరువు కట్టలు చాలావరకు పది మీటర్ల లోపే. చట్టానికి అవి కనబడవు. మిగిలేది పాత పద్ధతే: నీళ్లు, కట్ట సాగునీటి శాఖవి, శికం భూమి, అంటే చెరువు అడుగు నేల, రెవెన్యూది, చేపలు మత్స్యశాఖవి, హద్దులు మహానగరాభివృద్ధి సంస్థ హెచ్ఎండీఏవి, చుట్టూ కాలనీలు మునిసిపాలిటీవి. రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండకూడదని పోరుమామిళ్ల శాసనం చెప్పింది. ఇక్కడ ఒక్కో చెరువు అయిదు రాజ్యాల నడుమ ఉంది.

తెలంగాణ వచ్చాక చెరువుల మీద గట్టి ప్రయత్నం జరగలేదని అనలేం. 2015 మార్చి 12న సదాశివనగర్‌లో మొదలైన మిషన్ కాకతీయ 46 వేలకు పైగా చెరువులను బాగుచేయాలని పెట్టుకుంది. పూడిక తీశారు, రైతులు ఆ ఒండ్రును పొలాలకు తోలుకున్నారు, తూములు, మత్తళ్లు మరమ్మతు చేశారు. పల్లెల్లో దాని మేలు కనబడింది. అయితే పూడికతీత మీద ఉన్న ఉత్సాహం కట్ట మీద అంతగా లేకపోయిందన్నది ఒప్పుకోవాల్సిన మాట. లోపలివైపు కట్ట మొదలుకు ఆనుకుని పేరుకున్న ఒండ్రు నీటిని ఊరకుండా ఆపే పొరగా పనిచేస్తుంది; దాన్ని గీకేస్తే కొత్త ఊటకు దారి ఇచ్చినట్టే. మినీ ట్యాంక్‌బండ్ల పేరుతో టైల్సు, దీపాలు పెట్టారు. సాయంత్రం షికారుకు బాగుంటాయి. టైల్సు కింద మట్టి కుంగినా, చీలినా చూసే కన్నుకు అందదు.

2019 జులైలో మహారాష్ట్ర రత్నగిరి జిల్లాలో తివరే మట్టి ఆనకట్ట తెగి ఇరవై మంది దాకా చనిపోయారు. ఎండ్రకాయలు తొలిచాయని అప్పటి మంత్రి అన్న మాటకు దేశమంతా నవ్వింది. ఎండ్రకాయలు కట్టను తొలవడం నిజమే, ఏ నీరటిని అడిగినా చెబుతాడు. ఊరక చూస్తూ ఎవరు వదిలేశారన్నదే అడగాల్సిన ప్రశ్న. కట్ట ఊరుతోందని ఊరివాళ్లు ముందే మొరపెట్టుకున్నారు.

అమీన్‌పూర్ చెరువుకు 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలమన్న గుర్తింపు దక్కింది. దేశంలో నగర ప్రాంతపు చెరువుకు ఆ హోదా రావడం అదే మొదటిసారి. ఐపీఎస్ అధికారి తేజ్‌దీప్ కౌర్ మీనన్ దత్తత తీసుకుని చెత్త తీయించారు, పక్షులు తిరిగొచ్చాయి. 93 ఎకరాల ఆ నీటి వెనక ఉన్న కట్టకు మాత్రం అంత ప్రచారం లేదు. పక్షిని చూడటానికి జనం వస్తారు, ఊటను చూడటానికి రారు. 2024 సెప్టెంబరులో ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థ కిష్టారెడ్డిపేటలో కట్టడాలు కూల్చింది. అదే నెలలో సంగారెడ్డి జిల్లా కొండాపూర్ మండలం మల్కాపూర్ చెరువులో లేచిన నాలుగంతస్తుల భవనాన్ని రెవెన్యూ అధికారులు పేలుడు పదార్థాలతో నేలమట్టం చేయించారు. టీవీల్లో ఆ దృశ్యం పదే పదే తిరిగింది. ఆక్రమణ తొలగించడం మంచిదే. మత్తడి కాల్వ వెడల్పు చేయడం, తుమ్మలు కొట్టడం, బొరియలు పూడ్చడం టీవీకి పనికొచ్చేవి కావు.

ఇలాంటి చిక్కు జపాన్‌కూ ఉంది. అక్కడ ‘తమెయికె’ అనే సేద్యపు కుంటలు లక్షన్నరకు పైగా ఉన్నాయి. చాలావాటికి యజమాని ఎవరో, కట్టినదెప్పుడో తెలియదు. 2018 జులై వరదల్లో 32 కుంటలు తెగాయి. మరుసటి ఏడే వాటి కోసం ప్రత్యేక చట్టం చేశారు. యజమానులు నమోదు చేయించాలి, ప్రమాదకరమైన వాటిని గుర్తించి ముంపు పటాలు గీయాలి. ప్రమాదాన్ని కొలిచేటప్పుడు కట్ట ఎత్తు కన్నా, తెగితే కింద ఎన్ని మీటర్ల దూరంలో ఇళ్లున్నాయన్నది ముందు చూస్తారు.

ఆ కొలతతో చూస్తే వరంగల్ వైపు కొండల మధ్య అడవిలో ఉన్న పాకాల చెరువు కన్నా, కాలనీల నెత్తిన ఉన్న అమీన్‌పూర్, గండిగూడెం, పటాన్‌చెరు సాకిచెరువు కట్టలే జాబితాలో ముందుకొస్తాయి. వాటి కింద వరి లేదు కాబట్టి మేర ఇచ్చే రైతు ఎలాగూ లేడు. ఇంటిపన్ను కట్టేవాళ్లు మాత్రం వేలల్లో ఉన్నారు. ఆ పన్నులోంచి ఒక్కో కట్టకు ఒక మనిషి జీతం, ఒక టార్చి, వానాకాలం నాలుగు నెలల పాటు రోజూ రాసే ఒక రిజిస్టరు తీయడం మునిసిపాలిటీకి ఏమంత భారం కాదు.